ముందుగాల నీళ్లు

ఆ ఎండాకాలం నేను చేయాల్సిన పనులు ఇవి.

పాస్‌పోర్టు విచారణకు ఖానాపూర్ ఠాణాకు పోయి రావాలి.
కరీంనగర్ కాలేజీలో డిగ్రీ మెమోలు తీసుకోవాలి. అదే రోజు పండ్ల డాక్టరు దగ్గర గార తీయించుకోవాలి.
ఈత నేర్చుకోవాలి.
మడమ ఎత్తున్న బూట్లు తొడుక్కొని తూలకుండా నడవాలి.
అద్దం చూడకుండా, ఒక్క వెంట్రుక లేవకుండా జుట్టు ముడి వేసుకోవడం రావాలి.
‘దయచేసి కూర్చోండి’ అనే మాటను హిందీలో కసురుకున్నట్టు కాకుండా అనగలగాలి.
బాపుకు మందు సంగతి చెప్పాలి.

పై పనులు ఒక్కొక్కటే అయిపోతూ వచ్చాయి. చివరిది మాత్రం కదల్లేదు.

నా పేరు హెప్సిబా. మా ఇంట్లో డిగ్రీ చదివిన మొదటి మనిషిని నేనే. మా బాపు మోషే, దయాకర్‌రావు గారి ట్రాక్టరు నడుపుతాడు. మా అవ్వ, అంటే అమ్మ, ప్రేమమ్మ బీడీలు చేస్తుంది. చదువైపోతే బ్యాంకు పరీక్షలు రాస్తాననో, బడిలో టీచరునవుతాననో అందరూ అనుకున్నారు. నేనూ అదే అనుకున్నాను. కరీంనగర్ హాస్టల్లో నా గదిలో ఉండే ప్రణతికి మాత్రం చిన్నప్పటి నుంచి విమానాల మీదే ధ్యాస. హైదరాబాదులో ఒక విమాన కంపెనీ వాళ్లు ఆడపిల్లలను ఎంచుకుంటున్నారని తెలిసి, ఒక్కతే పోలేక నన్ను తోడు తీసుకుపోయింది. పోయినదాన్ని ఊరికే కూర్చోవడం ఎందుకని నేనూ పేరు రాయించాను. ఎత్తు కొలిచారు, నడిపించారు, మాట్లాడించారు. సాయంత్రం పిలిచిన పేర్లలో ఆమెది లేదు, నాది ఉంది. తిరుగు బస్సులో ప్రణతి కిటికీ వైపే చూస్తూ కూర్చుంది. తర్వాత కొన్నాళ్లు నాతో ముక్తసరిగా మాట్లాడింది. హాస్టలు ఖాళీ చేసే రోజు మాత్రం తన మడమ ఎత్తు బూట్లు తెచ్చి నా పెట్టె మీద పెట్టి, అవి తనకు కరుస్తున్నాయని అబద్ధం చెప్పి వెళ్లిపోయింది.

ఆ ఎంపికలో చివరి ప్రశ్న అడిగింది ఒక పెద్ద మేడం. విదేశాలకు పోయే విమానాల్లో ప్రయాణికులకు మద్యం ఇవ్వాల్సి ఉంటుంది, మీకేమైనా అభ్యంతరమా అంది. లేదు మేడం అన్నాను. అంత తొందరగా నేను పరీక్షల్లో కూడా ఏ ప్రశ్నకూ జవాబు చెప్పలేదు. కరీంనగర్ నుంచి ఊరికి పోయే బస్సెక్కి, కొండగట్టు దగ్గర స్వామి దర్శనం చేసుకొచ్చిన జనం కొబ్బరి చిప్పల సంచులతో ఎక్కాక, ఒక ముసలామె మూటను పైన సర్దిపెట్టి మళ్లీ నిలబడ్డాక గానీ, ఆ జవాబు నా ఒక్కదానిది కాదన్న సంగతి నాకు తట్టలేదు.

ఎందుకంటే మా ఇంటికి ఒక ప్రమాణం ఉంది.

నేను తొమ్మిదో తరగతిలో ఉన్నప్పుడు బాపు తాగి ట్రాక్టరును కాలువలో దింపాడు. ఆయనకేమీ కాలేదు, బండికీ ఏమీ కాలేదు. ఏమీ కాకపోవడమే ఆయన్ను భయపెట్టింది. కొత్త సంవత్సరంలో మొదటి ఆదివారం మా మెథడిస్టు చర్చిలో నిబంధన ఆరాధన ఉంటుంది. ఆ ఏడాది దేవునికి ఎట్లా కట్టుబడి ఉంటామో అందరూ లేచి ఒక్క గొంతుతో చదువుతారు. ఆ రోజు చదవడం అయిపోయి అందరూ కూర్చున్నాక బాపు ఒక్కడే నిలబడి ఉన్నాడు. “ఇయ్యాల్టి సంది మా ఇంట్ల ఏ చెయ్యీ మందు సీసాను ముట్టది” అన్నాడు. సంఘమంతా ఆమెన్ అంది.

ఆయన ఆ మాట మీద నిలబడ్డాడు. దావతుకు పోతే మొదటి బంతిలోనే కూర్చొని తిని, సీసాలు బయటికి రాకముందే ఇంటికి వస్తాడు. దగ్గు మందు తెచ్చినా సీసా మీద ఏం రాసి ఉందో నాతో చదివించుకొని గానీ చెంచాలో పోసుకోడు. ఊళ్లో కొందరు నవ్వారు, కొందరు పందెం కాశారు. కాసినవాళ్లు ఓడిపోయారు. అట్లాంటి మనిషి దగ్గరికి పోయి, నీ బిడ్డ కొలువే సీసా మూత తీసేది అని ఎట్లా చెప్పాలి?

రేపు చెప్తానని అనుకుంటూ మిగతా పనులు చేసుకుంటూ పోయాను. పాస్‌పోర్టు విచారణకు బాపే బండి మీద ఠాణాకు తీసుకుపోయాడు. జమేదారు నన్ను నాలుగు మాటలు అడిగితే, బాపు అడగకుండానే నలభై చెప్పాడు. మా వెస్లీ మామ, అంటే అవ్వ తమ్ముడు, నా నడుముకు ఖాళీ నూనె డబ్బా కట్టి దయాకర్‌రావు గారి బావిలోకి దింపాడు. విమానం నీళ్ల మీద దిగితే అందరినీ నేనే ఒడ్డుకు తేవాలని ఎవరో ఆయనకు చెప్పారట. “మరి నిన్నెవరు తేవాలె పోరీ?” అని ఒడ్డు మీద కూర్చొని నవ్వాడు. రెండు వారాలకు డబ్బా విప్పేశాడు.

సాయంత్రాలు మా ఇంటి ముందు చలువ పందిరి కింద అవ్వా, పక్కింటి కిష్టవ్వ పెద్దవ్వా చాటలు ఒళ్లో పెట్టుకొని బీడీలు చేస్తుంటే, నేను ప్రణతి బూట్లు తొడుక్కొని వాళ్ల ముందు అటూ ఇటూ నడిచేదాన్ని. అవ్వ పాత చాట ఒకటి కడిగి ఇస్తే, దాని మీద స్టీలు గ్లాసులు పెట్టుకొని ఒలకకుండా మోయడం అలవాటు చేసుకున్నాను. కిష్టవ్వ నా మొదటి ప్రయాణికురాలు. కుర్చీలో కూర్చోబెట్టి, నడుముకు అవ్వ చీరె కొంగు బెల్టులాగా చుట్టి, వంగి అడిగాను, మేడం ఏమన్నా తాగుతారా అని.

“నన్ను మేడం అంటున్నది ప్రేమమ్మా. గీ ఒక్క మాటకైనా దినాం ఎక్కుత” అంది పెద్దవ్వ. తర్వాత కాలు మీద కాలేసుకొని, “కల్లు ఉన్నదా?” అంది.

అవ్వ నవ్వింది. నేనూ నవ్వాను. అంతటితో ఆగితే అయిపోయేది.

“కల్లు లేకున్నా మందు ఉంటదట గదా” అంది కిష్టవ్వ. “మా అల్లుడు హనుమండ్లు చెప్పిండు. దుబాయ్ పొయ్యేటప్పుడు అడిగినకొద్దీ పోసిండ్రట. గీ తీరు పోరిలేనట పోసేది, ఎర్ర రుమాల్ మెడకు కట్టుకొని. దిగేటప్పుడు మెట్లు రెండు రెండు కనవడ్డయట.”

బాపు అప్పుడే వచ్చి నీళ్ల గోలెం దగ్గర కాళ్లు కడుక్కుంటున్నాడు. చెంబులోంచి నీళ్లు పడే చప్పుడు ఆగింది. కాసేపటికి మళ్లీ మొదలైంది. కాళ్లు తుడుచుకొని లోపలికి పోయాడు. కిష్టవ్వకు తాను ఏమన్నదో అర్థమై, పొయ్యి మీద ఏదో మాడుతున్నదని చెప్పి చాట చంకలో పెట్టుకొని లేచింది.

నేను వెనకాలే పోయాను. ఆయన గోడకు ఆనుకొని కూర్చున్నాడు. నా కాళ్లకు ఇంకా ఆ బూట్లే ఉన్నాయి.

“నువ్వు పోస్తవా?” అన్నాడు.

“బయటి దేశాల విమానాలల్ల పొయ్యాలె బాపూ. అడిగిండ్రు. సరే అన్న.”

“నన్ను అడగాల్నని అనిపించలే?”

“అనిపించింది. బస్సెక్కినంక.”

ఆయన మూతి మీద నవ్వు లాంటిది వచ్చి ఆగిపోయింది. నువ్వు వద్దంటే పోను బాపూ అన్నాను. నిజంగానే అన్నాను. నా చదువుకు ఆయన ఎండలో ఎన్ని దుక్కులు దున్నాడో నాకు తెలుసు. ఆయన మాట పోగొట్టి నేను ఆకాశంలో తిరగడం నాకు ఇష్టం లేదు. కానీ ఆ మాట ఆయనకు ఊరట ఇవ్వలేదు.

“గట్ల నా మీద వెయ్యకు బిడ్డా” అన్నాడు.

తర్వాతి రోజుల్లో బాపు నన్ను బస్టాండుకు దింపేవాడు, తీసుకొచ్చేవాడు, మామిడిపండ్లు తెచ్చేవాడు. పనిలో లోటు లేదు. మాటలో మాత్రం ఉప్పు లేదు. ఒకరోజు స్నానం చేసి తెల్లంగీ వేసుకొని పాస్టరయ్య ఇంటికి పోయి వచ్చాడు. ఏమన్నాడని అవ్వ అడిగితే విసుగ్గా చెప్పాడు. ప్రమాణం చేసినోడే దాని అర్థం చెప్పాలె మోషే, నేను విని ఆమెన్ అన్నవాడిని, అంతే అన్నాడట ఆయన. “అయ్యగారు నా బరువు నా నెత్తి మీదనే పెట్టి తోలిండు” అన్నాడు బాపు.

అప్పటిదాకా అవ్వ ఈ సంగతిలో పెదవి విప్పలేదు. ఆమె అంతే, ముందు విని తర్వాత మాట్లాడుతుంది. ఆ మధ్యాహ్నం బాపు అన్నం తిని లేవబోతుంటే, తల ఎత్తకుండానే పిలిచింది.

“ఏమయ్యా, జర గిటు కూసో. నేను బీడీలు ఎప్పటి సంది చేస్తున్న?”

“నాకేమెరుక. నిన్ను తెచ్చుకున్నప్పుడే చేస్తుంటివి.”

“ఒక్క బీడీ నోట్ల పెట్టిన్నా?”

“నువ్వెందుకు పెడతవ్?”

“మా అవ్వ చేసింది. ఆమె పెట్టలే. గియ్యి తాగి దగ్గెటోళ్లు యాడనో ఉన్నరు. దేవుడు ఆ లెక్క నన్ను అడుగుతడో, అడగడో నాకు తెల్వది. అడిగితే చెప్పుకుంట. గానీ గీ చేతులతోనే పిల్లను సదివిచ్చిన. గీ చేతులు చాపే ప్రభువు బల్ల కాడ రొట్టె తీసుకుంటున్న. అయ్యగారు ఏనాడన్న కడుక్కొని రమ్మన్నడా?”

అవ్వ వేళ్లు ఆగలేదు. ఆకులో తంబాకు పోయడం, చుట్టడం, దారం తిప్పడం, మూతి మడవడం, అన్నీ వాటంతట అవే జరిగిపోతున్నాయి.

“నువ్వు నిలవడి ప్రమాణం చేసినవ్. మంచిగ చేసినవ్. నేను దినాం దేవునికి స్తోత్రం చెప్పుకుంట దానికి. గానీ ఏ చెయ్యీ అన్నవ్. మా చేతులను అడిగినవా?”

ఆయన కండువా భుజాన వేసుకొని బయటికి పోయాడు. ట్రాక్టరు చప్పుడు వస్తుందేమోనని నేను చెవి పెట్టి ఉన్నాను. రాలేదు. తొంగి చూస్తే, బండి మీద కూర్చొని ఉన్నాడు, తాళంచెవి చేతిలో పట్టుకొని, ఊరికే. ఆయన అక్కడ చాలాసేపు కూర్చున్నాడు. అవ్వ కట్టల మీద కట్టలు కడుతూ పోయింది.

ఆ ఆదివారం చర్చి నుంచి వచ్చి, అన్నాలు తిన్నాక, బాపు కుర్చీ తెచ్చి పందిరి కింద వేసుకున్నాడు. కొంగు లేదు గనుక తన కండువానే నడుముకు చుట్టుకున్నాడు.

“రా” అన్నాడు నన్ను. “నేను హనుమండ్లును. దుబాయ్ పోతున్న. ఇప్పటికే రెండు తాగిన. ఇంకోటి పొయ్యి.”

చాట మీద గ్లాసు పెట్టుకొని దగ్గరికి పోయాను. నా ముందే బాపు మారిపోయాడు. మెడ ఒక పక్కకు వాలింది. కళ్ల రెప్పలు బరువెక్కాయి. నాలుక మందమైంది. ఒక్క చుక్క లేకుండా, తప్ప తాగిన మనిషి మా పందిరి కిందికి వచ్చి కూర్చున్నాడు. ఆ మనిషిని నేను తొమ్మిదో తరగతి తర్వాత చూడలేదు.

“పొయ్యవేందే? పైసలు గట్టలేదా నేను?”

క్షమించండి సార్, ఇక ఇవ్వలేము అని ఇంగ్లీషులో అన్నాను. ఆయన కుర్చీ చెయ్యి మీద గట్టిగా చరిచాడు. గ్లాసు చాట మీద ఎగిరింది. సార్, నిబంధనల ప్రకారం అంటూ మళ్లీ మొదలుపెట్టాను. “ఎవని నిబంధన?” అని గొంతు పెంచాడు. అది ఆటేనని నాకు తెలుసు. అయినా నా కాలు ఒక అడుగు వెనక్కి పోయింది.

అప్పుడు చూశాను, అవ్వ వేళ్లు ఆగిపోయాయి. చాట పక్కన పెట్టి లేచింది. కుండలోంచి గ్లాసు ముంచుకొచ్చింది. ఆయన ఎదురుగా నిలబడలేదు. పక్కన నేల మీద గొంతు కూర్చుంది. గ్లాసు ఆయన చేతికి ఆనించి, మెల్లగా అంది.

“ముందుగాల గీ నీళ్లు తాగు. తర్వాత చూద్దాం.”

ఆ మాట నాకు కొత్తది కాదు. చిన్నప్పుడు దుప్పటి కింద నుంచి ఎన్నోసార్లు విన్నాను. అది నన్ను నిద్రపుచ్చే మాట అనుకునేదాన్ని, ఎందుకంటే దాని తర్వాత ఇల్లు నిశ్శబ్దమయ్యేది.

బాపు గ్లాసు అందుకున్నాడు. చివరి గుక్క దాకా తాగాడు. గ్లాసు దించేసరికి మళ్లీ బాపే.

“గట్ల” అన్నాడు నాతో. “సూసినవా? నిలవడి చెప్తే పోలీసోడు చెప్పినట్టుంటది. మనిషి లేస్తడు. పక్కన కూసో. లేదని అనకు. తాగినోనికి ‘లేదు’ ఇనవడది. ‘ముందుగాల’ అంటే ఇనవడతది. తర్వాత ఇస్తరేమో అనుకుంటడు.” అని ఆగి, అవ్వ వైపు తిరిగాడు. “అవునే, తర్వాత ఎన్నడన్న ఇచ్చినవా?”

“యాడ ఇస్త? నీళ్లు తాగి అట్లనే ఒరుగుతుంటివి.”

“అన్నేండ్లు మోసం చేసింది సూడు మీ అవ్వ” అన్నాడు. నవ్వడం మొదలుపెట్టాడు. అవ్వా నవ్వింది, కొంగు నోటికి అడ్డం పెట్టుకొని. ఆయన నవ్వి నవ్వి కండువాతో మొహం తుడుచుకున్నాడు. ఆ కండువా మొహం మీద కొంచెం ఎక్కువసేపే ఉండిపోయింది. అవ్వ నేల మీద నుంచి లేవలేదు. ఖాళీ గ్లాసు ఆయన చేతిలోంచి తీసుకొని ఒళ్లో పెట్టుకొని, అట్లాగే కూర్చుంది.

ఆ తర్వాత నేను దినమూ అదే సాధన చేశాను. బాపు ఒకరోజు హనుమండ్లు, ఒకరోజు సేటు, ఒకరోజు ఏడ్చే తాగుబోతు. ఏడ్చేవాడే అందరికంటే కష్టమని ఆయనే చెప్పాడు. కిష్టవ్వ మళ్లీ రావడం మొదలుపెట్టింది. తన అల్లుని పేరు వాడుకుంటున్నందుకు ప్రతిరోజూ ఒక చాయ్ వసూలు చేసింది.

నేను బయల్దేరే ముందటి ఆదివారం, సాక్ష్యాలు చెప్పుకునే సమయంలో బాపు లేచాడు. నాకు ముందే చెప్పలేదు. అవ్వకు కూడా చెప్పినట్టు లేదు.

“అయ్యగారూ, కొన్నేండ్ల కింద నేను గీడనే నిలవడి ఒక మాట అన్న. మా ఇంట్ల ఏ చెయ్యీ ముట్టది అని. ఇంటోళ్లను అడగకుంట అన్న. గా మాటను సవరించుకుంటున్న. నా చెయ్యి ముట్టది. నా నోరు ముట్టది. నా బిడ్డ చేతులు దూరం కొలువుకు పోతున్నయి. అవి ఏం పట్టుకున్నా మంచిగుండాలెనని ప్రార్థన చెయ్యున్రి.”

మొదటి ఆమెన్ ఆడవాళ్ల వైపు నుంచి వచ్చింది. ఆ గొంతు ఎవరిదో తెలుసుకోవడానికి నేను తల తిప్పాల్సిన అవసరం లేకపోయింది.

బస్టాండులో బాపు నా పెట్టెను తానే బస్సు ఎక్కించి, సీటు కింద ఎట్లా పెడితే జారదో నాకు చూపించాడు. అవ్వ కిటికీలోంచి మంచినీళ్ల సీసా ఇచ్చింది.

శిక్షణ కష్టంగానే ఉండింది, బాగా కూడా ఉండింది. మంటలు ఆర్పడం, తలుపు తీయడం, ఆగిన గుండెను నొక్కడం నేర్పారు. ఈతలో నేను వెనకబడలేదు. తాగిన ప్రయాణికుని పాఠం వచ్చినప్పుడు మాకు నేర్పే సారే ప్రయాణికుడిగా కూర్చున్నాడు. నేను పక్కన గొంతు కూర్చొని నీళ్లిచ్చాను. ఇదెక్కడ నేర్చుకున్నావని అడిగాడు. ఇంట్లో సార్ అన్నాను.

బయటి దేశానికి నా మొదటి ప్రయాణం హైదరాబాదు నుంచి గల్ఫుకు. విమానం నిండా మా వైపు మనుషులే. ఒకతను మూడోది అడిగాడు. మా తోటి అమ్మాయి ఇంగ్లీషులో మర్యాదగా కాదంది. అతను గొంతు పెంచాడు. చేతిలో ఫోను, ఫోనులో నెలల పిల్ల ఫొటో. నేను పోయి సీటు పక్కన మడమల మీద కూర్చున్నాను.

“అన్నా, ముందుగాల గీ నీళ్లు తాగు. తర్వాత చూద్దాం.”

అతను నన్ను వింతగా చూశాడు. “ఏ ఊరు చెల్లే?” అన్నాడు. ఖానాపూర్ అన్నాను. మాది మెట్‌పల్లి అన్నాడు. నీళ్లు తాగాడు. పిల్ల పేరేమిటో చెప్పాడు. నేను దుప్పటి తెచ్చేసరికి నిద్రపోయాడు. ఫోను జారిపోకుండా ముందు సీటు సంచిలో పెట్టి నా పనికి నేను పోయాను.

మీరు ఎప్పుడైనా విమానం ఎక్కితే, రుమాలు మెడకు కట్టుకున్న పిల్ల ఎవరైనా మీ పక్కన కూర్చొని ముందు నీళ్లిస్తే, ఆ పద్ధతి మాకంటే ముందే ఎరిగిన మనిషి ఒకామె ఉందని తెలుసుకోండి. ఖానాపూర్‌లో పందిరి కింద, చాట ఒళ్లో పెట్టుకొని, ఈ వేళకు కూడా బీడీలు చుడుతూ ఉంటుంది. ఇప్పటిదాకా విమానం ఎక్కలేదు. పేరు ప్రేమమ్మ. ఆ నీళ్లు తాగే ముందు, ఆమెను ఒక్కసారి యాది చేసుకోండి.